చూశానని రాస్తే చూడలేదని అర్థమైంది

ప్రశ్న: పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. ఇప్పుడు ఆఫీసులో రోజూ ఇంగ్లీషులో ఈమెయిల్స్ రాయాలి. ఫ్రేజల్ వెర్బ్‌లు, అంటే క్రియకు చిన్న మాట చేరి కొత్త అర్థమిచ్చే జంటలు, రాకపోతే లాభం లేదని ఎవరో అంటే, ఒక నోటుపుస్తకంలో ఆరు వందల దాకా అక్షరక్రమంలో రాసుకుని, పక్కన తెలుగు అర్థాలు పెట్టుకుని బట్టీపట్టాను. ఒక్క 'గెట్'కే మూడు పేజీలు పట్టింది. పోయిన వారం మా మేనేజర్ తన నివేదిక పంపి ఒకసారి చూడమన్నారు. రెండు గంటలు కూర్చుని ప్రతి పేజీ చదివి, 'ఐ హావ్ ఓవర్‌లుక్డ్ యువర్ రిపోర్ట్' అని జవాబు పంపాను. ఆయన నొచ్చుకున్నారు. మీ నివేదికను నేను గమనించకుండా వదిలేశాను అని దానికి అర్థమట! 'టర్న్ ఆఫ్ ఇట్' తప్పని, 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు' తప్పని కూడా అదే రోజు తోటి ఉద్యోగులు చెప్పారు. ఎందుకు తప్పో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. ఆరు వందలు చాలవా? ఇంకా పెద్ద జాబితా ఉన్న పుస్తకం ఏదైనా ఉందా? మేనేజర్‌కు ఇప్పుడు ఏమని రాయాలి?

జవాబు: పుస్తకమేదీ చెప్పను. ఆరు వందలు చాలకపోవడం కాదు, అవే ఎక్కువయ్యాయి. మేనేజర్‌కు ఏం రాయాలన్నది చివరికి ఉంచుతాను. మిగతా సంగతులు తేలితే ఆ వాక్యం మీరే రాసుకోగలుగుతారు.

మీరు సిగ్గుపడకుండా ఉండేందుకు ముందు నా సంగతి ఒకటి చెబుతాను. పత్రికలో అనువాదం పనికి చేరిన కొత్తలో ఒక రాత్రి నా చేతికి చిన్న వార్త ఇచ్చారు. కార్మికులు సమ్మెను 'కాల్డ్ ఆఫ్' చేశారని అందులో ఉంది. కాల్ అంటే పిలవడం, ఆఫ్ ఎలాగూ చిన్న మాట. 'సమ్మెకు కార్మిక సంఘాల పిలుపు' అని శీర్షిక పెట్టి ఇచ్చేశాను. సమ్మె విరమించారన్నది అసలు వార్త! సీనియర్ సబ్ ఎడిటర్ కంటపడింది కాబట్టి సరిపోయింది. ఆయన కోప్పడలేదు. 'డిక్షనరీ చూశావా?' అని మాత్రం అడిగారు. చూడలేదు. ఎందుకు చూస్తాను? కాల్ తెలుసు, ఆఫ్ తెలుసు. నోరు తిరగని పెద్ద మాట వస్తే మాత్రం వెంటనే డిక్షనరీ తీసేవాడిని. ఈ జాతి మాటలతో వచ్చే చిక్కంతా అక్కడే ఉంది. ఇవి తెలియని మాటల్లా కనిపించవు. మీ ఓవర్‌లుక్ కూడా అంతే కదా. ఓవర్ తెలిసిందే, లుక్ తెలిసిందే.

పైగా ఈ బాధ ఇప్పటిది కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలోనే దీని ప్రస్తావన తెచ్చారు. క్రియ వెనక ఒక చిన్న మాట చేరి దాని అర్థాన్నే మార్చేసే ఈ పద్ధతి పరభాషల వారిని అన్నిటికన్నా ఎక్కువ కష్టపెడుతుందని రాసి, సెట్ ఆఫ్, సెట్ ఇన్, సెట్ అవుట్, బ్రేక్ ఆఫ్ వంటివి వరసగా చూపించారు. వీటికి ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు ప్రచారంలోకి రావడానికి ఇంకో నూట డెబ్భై ఏళ్లు పట్టింది. 1925లో వచ్చిన తన పుస్తకంలో రచయిత లోగన్ పియర్సాల్ స్మిత్ ఆ పేరు వాడుతూ, దాన్ని తనకు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని చెప్పుకున్నారు. పేరు పెట్టడానికే అంత కాలం పట్టినదాన్ని మీరు ఒక్క నోటుపుస్తకంతో లొంగదీయాలనుకున్నారు.

కాసేపు ఇంగ్లీషును పక్కన పెట్టి తెలుగు చూద్దాం. 'పక్కన పెట్టడం' అన్నాను, ఇక్కడ పక్క ఏది? తెలుగు నేర్చుకుంటున్న పరాయి భాష మనిషికి 'పడు' అంటే కింద పడటం అని చెప్పి, ఈ వాక్యాలు ఇచ్చి చూడండి. ప్రమాదం నుంచి బయటపడ్డాడు. తమ్ముడి మీద మండిపడ్డాడు. కొత్త ఉద్యోగానికి అలవాటు పడ్డాడు. చదువులో వెనకబడ్డాడు. ఇన్ని వాక్యాల్లో ఒక్కడూ కింద పడలేదు! 'చేయి చేసుకున్నాడు' అంటే కొట్టాడని, 'చేతులెత్తేశాడు' అంటే ఇక తన వల్ల కాదన్నాడని, 'చెయ్యిచ్చాడు' అంటే నమ్మించి తప్పుకున్నాడని మీకు ఎవరు నేర్పారు? చేతికి మూడు పేజీలు కేటాయించి బట్టీపట్టలేదు కదా. ఎవరో ఎవరి మీదో చేయి చేసుకున్న సందర్భంలో ఆ మాట మీ చెవిన పడింది. మనుషులతో, గొడవతో సహా పడింది. అందుకే ఈ జన్మకు మరిచిపోరు.

ఇంకా దగ్గరి పోలిక ఒకటుంది. తిన్నాడు, తినేశాడు. ఈ రెంటికీ ఉన్న తేడా మీకు తెలుసు. తినేశాడంటే ఏమీ మిగల్చలేదు. చించాడు, చించేశాడు. వాడాడు, వాడేశాడు. ఇంగ్లీషులో ఈట్ అప్, టేర్ అప్, యూజ్ అప్ అన్న చోట్ల 'అప్' చేసే పని ఇదే. పైకి వెళ్లడంతో ఆ అప్‌కు సంబంధమే లేదు, అది మన 'ఏశాడు'కు తోబుట్టువు. 'రాసిపెట్టుకో' అన్న చోట 'పెట్టుకో' చేసే పనిని రైట్ డౌన్‌లో డౌన్ చేస్తుంది. నిజం బయటపడింది అంటాం కదా, ఫైండ్ అవుట్‌లోనూ టర్న్ అవుట్‌లోనూ ఆ 'బయట' ఉంది. మాట్లాడుతూ పోయాడు అన్నప్పటి 'పోవడం' గో ఆన్‌లోని ఆన్‌లో ఉంది. ఈ చిన్న మాటలకు ఒక స్వభావం ఉందని పట్టుకుంటే, కొత్త జంట ఎదురైనప్పుడు సగం ఊహించగలుగుతారు. సగమే. షో అప్ అన్నప్పుడు ఏ పనీ పూర్తి కాదు, రావలసిన మనిషి వస్తాడంతే. అందుకని ఈ సూత్రాన్ని తాడులా లాగకండి, తెగుతుంది.

ఇక మీ మేనేజర్‌ను నొప్పించిన ఓవర్‌లుక్ దగ్గరికి వద్దాం. ఇంగ్లీషులో ఈ చిన్న మాట క్రియకు ముందు అతుక్కుని రావడమూ ఉంది, వెనక విడిగా నిలబడటమూ ఉంది. ముందు అతుక్కోవడం పాత పద్ధతి. ఓవర్‌కమ్ వెయ్యేళ్లకు పైబడిన మాట. తర్వాతి కాలంలో వెనక నిలబెట్టే పద్ధతి బలపడింది. పాతవి కొన్ని పోకుండా అలాగే మిగిలాయి. దాంతో ఒకే ఇంట్లో రెండు తరాలు కాపురం చేస్తున్నాయి, వాటికి మాటల్లేవు. లుక్ ఓవర్ అంటే మొదటి నుంచి చివరి దాకా చూపు సారించడం. ఓవర్‌లుక్ అంటే చూపు దాని మీదుగా జారిపోవడం, గమనించకుండా వదిలేయడం. సెట్ అప్ చేస్తే ఏర్పాటు, అప్‌సెట్ చేస్తే ఏర్పాటు తలకిందులు. టేక్ ఓవర్ అంటే బాధ్యతనో సంస్థనో చేతిలోకి తీసుకోవడం, ఓవర్‌టేక్ అంటే దాటిపోవడం. కమ్ ఓవర్ అంటే ఇటు రావడం, ఓవర్‌కమ్ అంటే కష్టాన్ని జయించడం. ముందుది వెనక్కీ వెనకది ముందుకీ మారిస్తే ఏమవుతుందిలే అనుకున్న ప్రతిసారీ అనుమానించండి.

అసలు మాటకు వచ్చాను. మీ నోటుపుస్తకంలో పుట్ ఆఫ్ ఎదురుగా ఏం రాసి ఉందో నేను చూడకుండానే చెప్పగలను. వాయిదా వేయు. తప్పు కాదు. కానీ ఈ వాక్యాలు చూడండి.

'దే పుట్ ఆఫ్ ద మీటింగ్.' సమావేశం వాయిదా వేశారు. ఇక్కడ మీ అర్థం సరిపోయింది.

'ద స్మెల్ పుట్ మి ఆఫ్.' ఆ వాసన నన్ను వాయిదా వేసిందా? ఆ వాసనకు నాకు వెగటు పుట్టింది, ఇక దాని జోలికి పోవాలనిపించలేదు.

'హి కీప్స్ పుటింగ్ మి ఆఫ్.' రేపు రా, ఎల్లుండి రా అంటూ తిప్పుతున్నాడు.

క్రియ మారలేదు, చిన్న మాటా మారలేదు. మారింది దేన్ని, ఎవరిని అన్నది. సమావేశం, ప్రయాణం, పెళ్లి వంటి తేదీ ఉన్న పనిని పుట్ ఆఫ్ చేస్తే వాయిదా. మనిషిని చేస్తే ఆ మనిషి మనసు విరగ్గొట్టడమో, సాకులు చెప్పి తిప్పడమో. అంటే అర్థం ఆ రెండు మాటల్లో లేదు, కర్మతో కలిసి మూడింటి మధ్యా ఉంది. మీరు మూడో దాన్ని వదిలేసి ఆరు వందల జంటలు రాసుకున్నారు. తాళాలన్నీ దొరికాయి, ఏది ఏ తలుపుదో రాసిపెట్టుకోలేదు.

కొన్నిటిలో తేల్చేది కర్త. బ్రేక్ డౌన్ చూడండి. కారు బ్రేక్ డౌన్ అయితే దారిలో ఆగిపోతుంది. మనిషి బ్రేక్ డౌన్ అయితే భోరుమంటాడు. చర్చలు బ్రేక్ డౌన్ అయితే బెడిసికొడతాయి. తెలుగులో మూడింటికీ మూడు వేరు మాటలు, వాళ్లకు ఒక్కటే. ఇక ఖర్చును ఎవరైనా బ్రేక్ డౌన్ చేసి చూపించమంటే కంగారు పడకండి, ఏ పద్దుకు ఎంతయిందో విడగొట్టి చూపించమని.

'టర్న్ ఆఫ్ ఇట్' ఎందుకు తప్పు? దీనికి మీ తోటివారు జవాబు చెప్పలేకపోవడంలో ఆశ్చర్యం లేదు, సరిగ్గా వాడేవారికి కారణంతో పని ఉండదు. 'టర్న్ ఆఫ్ ద లైట్' అనవచ్చు, 'టర్న్ ద లైట్ ఆఫ్' అనవచ్చు. కానీ లైట్ స్థానంలో 'ఇట్' వచ్చిందంటే మధ్యలోకే వెళ్లాలి: 'టర్న్ ఇట్ ఆఫ్.' ఇంగ్లీషు వాక్యంలో చివరి స్థానం బరువైన మాటకు, కొత్త సంగతికి. ఇట్, దెమ్, హిమ్ వంటివి అంతకుముందు చెప్పుకున్నవాటినే మళ్లీ చూపిస్తాయి. బరువు లేని మాటలు కాబట్టి వాటిని మధ్యలోకి లాగి, బరువును ఆఫ్ మీద వేస్తారు. పైకి చదివితే తెలుస్తుంది, ఊనిక ఆఫ్ మీదే పడుతుంది. పొడవైన కర్మ అయితే దీనికి సరిగ్గా తిరగబడుతుంది. 'నిన్న రాత్రి నువ్వు వెలిగించి వదిలేసిన లైటు' అంతటినీ టర్న్‌కూ ఆఫ్‌కూ మధ్య ఇరికిస్తే, వినేవాడు ఆఫ్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చోవాలి. అలాంటప్పుడు రెండు మాటలనూ కలిపే ఉంచి, పొడవుదాన్ని చివరికి తోస్తారు.

మరి 'లుక్ ఆఫ్టర్ హిమ్'లో హిమ్ చివర ఎందుకుంది? ఎందుకంటే అక్కడ ఆఫ్టర్ మామూలు ప్రిపోజిషన్, అంటే మన విభక్తి పనిని నామానికి ముందు నిలబడి చేసే మాట. అది తన తర్వాతి నామాన్ని వదలదు, ఎవరినీ మధ్యలోకి రానివ్వదు. ఊనిక కూడా లుక్ మీదే ఉంటుంది. లుక్ ఎట్, లుక్ ఫర్, లుక్ ఇంటు అన్నీ ఈ కోవలోవే. చిత్రమేమిటంటే ఒకే జంట రెండు రకాలుగానూ ఉండవచ్చు. లైటును టర్న్ ఆఫ్ చేశాం, 'టర్న్డ్ ఇట్ ఆఫ్' అన్నాం. కారులో వెళుతూ పెద్ద రోడ్డు దిగి పక్కకు మళ్లాం, అదీ 'టర్న్డ్ ఆఫ్ ద రోడ్'. ఇక్కడ మాత్రం 'టర్న్డ్ ఇట్ ఆఫ్' అన్నామంటే రోడ్డును ఆర్పేసినట్టవుతుంది.

ఏది ఏ రకమో ఎలా తెలుస్తుంది? ఊహించనవసరం లేదు. నేర్చుకునేవారి కోసం వేసిన మంచి డిక్షనరీలు ఈ సంగతి రాస్తాయి, మనమే చూడం. పుట్‌కూ ఆఫ్‌కూ మధ్యలో 'సమ్‌థింగ్' అని ఉంటే మధ్యలో చోటుందని. లుక్ ఆఫ్టర్‌కు చివర్లో 'సమ్‌బడీ' అని ఉంటే అక్కడే ఉంచమని. కొన్నిటిలో రెండు వైపులా మొనలున్న చిన్న బాణం గుర్తు ఉంటుంది, ఇటూ అటూ మార్చుకోవచ్చని దానికి అర్థం. ఆ బాణాన్ని నేను చాలా ఏళ్లు అచ్చుతప్పేమో అనుకున్నాను.

మూడు మాటలవి వచ్చినప్పుడు పని తేలిక. పుట్ అప్ విత్, కమ్ అప్ విత్, లుక్ డౌన్ ఆన్, రన్ అవుట్ ఆవ్. కర్మ చివరికే పోతుంది, ఆలోచించక్కర్లేదు. అన్నట్టు, రన్ అవుట్ తర్వాత ఉన్నది స్విచ్ ఆఫ్‌లోని ఆఫ్ కాదు. తెలుగులో రాసేటప్పుడు మనం రెంటినీ ఒకేలా రాయడం వల్ల కొందరు ఇంగ్లీషులో కూడా కలిపేస్తారు, అందుకే నేను రెండోదాన్ని ఆవ్ అని రాశాను.

'లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు' సంగతి. మనకు బడిలో టు అనగానే వెనక క్రియ మూలరూపం అని నూరిపోశారు. వాంట్ టు గో, ట్రై టు రైట్. ఆ టు వేరు, ఈ టు వేరు. ఈ టు దిక్కును చూపే ప్రిపోజిషన్, మన 'వైపు' లాంటిది. దాని తర్వాత పేరు రావాలి. క్రియ రావలసి వస్తే 'ఇంగ్' తగిలించుకుని పేరుగా మారి రావాలి. మనం 'కలవడం కోసం' అంటాం కానీ 'కలువు కోసం' అనం కదా, అదే నియమం. ఏ టు ఎదురైందో తెలియకపోతే క్రియను తీసేసి అక్కడ ఇట్ పెట్టి చూడండి. 'లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్' చక్కగా ఉంది, కాబట్టి మీటింగ్. 'వాంట్ టు ఇట్' అతకలేదు, కాబట్టి గో. ఏదైనా పనికి అలవాటు పడ్డాను అనే 'ఐ యామ్ యూజ్డ్ టు'కూ ఈ పరీక్ష పనికొస్తుంది: యూజ్డ్ టు ఇట్, కనుక యూజ్డ్ టు డ్రైవింగ్. అయితే 'అగ్రీ' దగ్గర ఇది బోల్తా కొడుతుంది. అగ్రీ టు ఇట్ అనవచ్చు, అయినా అగ్రీ టు గో అనే అంటారు. అలాంటివి కొన్నే, వాటిని గుర్తుంచుకుంటే చాలు, పరీక్ష వదులుకోవలసినంత నష్టమేమీ లేదు.

మీరు అడగలేదు కానీ, మీ ఉత్తరం ఇంగ్లీషులో రాసి ఉంటే ఇంకో రకం తప్పులు కూడా కనిపించి ఉండేవని నా అనుమానం. మన విభక్తులు మనకు తెలియకుండానే ఇంగ్లీషులోకి దూరిపోతాయి. దాని గురించి చర్చించాం అంటాం కాబట్టి డిస్కస్ అబౌట్ అని రాస్తాం. డిస్కస్‌లోనే ఆ 'గురించి' ఉంది, విడిగా అబౌట్ అక్కర్లేదు. ఆయనతో పెళ్లయింది అంటాం కాబట్టి మ్యారీడ్ విత్. వాళ్లు మ్యారీడ్ టు అంటారు. నా మీద కోపం కాబట్టి యాంగ్రీ ఆన్. వాళ్లది యాంగ్రీ విత్. ఊరికి చేరాం కాబట్టి రీచ్డ్ టు. రీచ్‌కు ఏదీ అక్కర్లేదు. తిరగబడే చోట్లూ ఉన్నాయి. నాకు వివరించు అన్నప్పుడు 'కి' మన నోట్లోనే ఉంది, అయినా ఎక్స్‌ప్లెయిన్ మి అంటాం. టు అక్కడ కావాలి. బహుశా టెల్ మి చూసి అలవాటైంది. కోప్ అప్ విత్ అనేది విభక్తి తప్పు కూడా కాదు, అది కీప్ అప్ విత్‌తో సావాసం చేసి చెడింది. కోప్ విత్ చాలు.

అన్ని చోట్లా మన విభక్తి మోసం చేయదు. డిపెండ్ ఆన్‌కు 'మీద ఆధారపడు' అచ్చంగా సరిపోతుంది. 'నా మీద అరిచాడు', 'నన్ను కేకేసి పిలిచాడు' అన్న తేడా షౌట్ ఎట్, షౌట్ టు మధ్య ఉంది. ఎట్ దెబ్బ తగలవలసిన గురిని చూపిస్తుంది, టు చేరవలసిన చోటును. బంతిని త్రో టు చేస్తే పట్టుకోమని, త్రో ఎట్ చేస్తే తగలాలని. లాఫ్ ఎట్ అన్నప్పుడు నవ్వు ఎందుకు నొప్పిస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది.

మీరు ఫ్రేజల్ వెర్బ్‌లను ఎంతవరకు వాడాలి అన్నది వేరే ప్రశ్న. మనలో చాలామందికి ఇంగ్లీషు పుస్తకాల దారిన వచ్చింది. అందుకే పోస్ట్‌పోన్ మనకు ముందు తెలుస్తుంది, పుట్ ఆఫ్ తర్వాత. టాలరేట్ తెలుసు, పుట్ అప్ విత్ తెలియదు. ఆ భాష ఇంట్లో మాట్లాడే పిల్లలకు వరస తలకిందులుగా ఉంటుంది. లాటిన్ నుంచి, ఫ్రెంచి నుంచి వచ్చిన ఆ పొడవు మాటలు వాళ్లకు బడిలో కలుస్తాయి. కాబట్టి పోస్ట్‌పోన్ అని రాస్తే తప్పు లేదు, ఆఫీసు ఉత్తరంలో అదే నిండుగా ఉంటుంది కూడా. ఫోనులో అవతలి మనిషి పుట్ ఆఫ్ అన్నప్పుడు అర్థం కావడం మాత్రం తప్పనిసరి. వినడానికి వందలు కావాలి, రాయడానికి నలభై చాలు. క్యారీ అవుట్, సెట్ అప్, లుక్ ఇంటు, ఫాలో అప్, గెట్ బ్యాక్ టు వంటివి ఎంత మర్యాద ఉత్తరంలోనైనా ఇబ్బంది లేకుండా ఇముడుతాయి. సమావేశాన్ని అనుకున్న తేదీకన్నా ముందుకు జరపడానికి మనం ప్రీపోన్ అంటాం, అది మన దగ్గర పాతుకుపోయిన మాట, నాకు ఇష్టమే. కానీ బయటి దేశాల వారికి రాసేటప్పుడు బ్రింగ్ ఫార్వర్డ్ వాడండి. అలాగే చదువు పూర్తి చేసుకున్నానని చెప్పడానికి పాస్డ్ అవుట్ అని రాయకండి. చాలామంది దాన్ని స్పృహ తప్పానని చదువుకుంటారు.

ఇక నోటుపుస్తకం. పాతది దాచండి, పారేయనక్కర్లేదు. కొత్తదానిలో ఒక్కో జంటకు ఒక్కో పేజీ ఇవ్వండి. ఎక్కడి నుంచో ఏరుకోకండి, మీకు వచ్చిన ఈమెయిల్స్‌లో నిజంగా కనిపించినవే తీసుకోండి. వారానికి ఐదు దాటకూడదు. ఉదాహరణకు ఫిల్ ఇన్. మొదట మీకు కనిపించిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాయండి: 'ప్లీజ్ ఫిల్ ఇన్ ద ఫార్మ్.' దాని కింద ఆ వారం మీకు జరిగినదే ఒకటి రాయండి: 'ఐ ఫిల్డ్ ఇన్ ద లీవ్ ఫార్మ్ దిస్ మార్నింగ్.' అబద్ధం రాయకండి, జరగనిది గుర్తుండదు. దాని కింద ఇట్ పెట్టి తిరగరాయండి: 'ఐ ఫిల్డ్ ఇట్ ఇన్.' మూడూ పైకి చదివి, మిగతా పేజీ ఖాళీగా వదిలేయండి. తెలుగు అర్థం ఇప్పుడే రాయవద్దు.

రెండు నెలల తర్వాత ఎవరో 'ఐ విల్ ఫిల్ యు ఇన్ లేటర్' అంటారు. మనిషిని ఎలా నింపుతారు? అదే పేజీ తీసి ఆ వాక్యం చేర్చండి. జరిగిందేమిటో తర్వాత చెబుతాను అని దాని భావం, తెలియని ఖాళీని నింపుతాడన్నమాట. ఇంకో రోజు సెలవులో ఉన్న సహోద్యోగి పనిని మీకు అప్పగిస్తూ 'కెన్ యు ఫిల్ ఇన్ ఫర్ హర్?' అంటారు. అదీ అక్కడికే. ఫార్మ్‌లో ఖాళీ, తెలిసినదానిలో ఖాళీ, కుర్చీలో ఖాళీ. మూడూ ఒకే పేజీ మీద పక్కపక్కన కనిపించేసరికి మీకు కలిగే ఎరుక ఏ జాబితా ఇవ్వలేదు. ఆ ఖాళీ పేజీ వదలమన్నది అందుకే.

మేనేజర్‌కు రాయవలసిన ఉత్తరం. సంజాయిషీ పొడిగించకండి, రెండు వాక్యాలు చాలు. మొదటిది, పోయిన వారం పంపిన జవాబులో మాట తప్పు పడిందని, ఆయన నివేదిక పూర్తిగా చదివానని. రెండోది, అందులో మీరు గమనించిన ఒక నిర్దిష్టమైన సంగతి, పేజీ సంఖ్యతో సహా. చదివానని వంద సార్లు చెప్పడం కన్నా ఆ పేజీ సంఖ్య ఎక్కువ పని చేస్తుంది. మొదటి వాక్యానికి ఇలా సరిపోతుంది: 'సారీ, ఐ యూజ్డ్ ద రాంగ్ వర్డ్ ఇన్ మై లాస్ట్ మెయిల్, ఐ హావ్ రెడ్ యువర్ రిపోర్ట్ అండ్ లుక్డ్ ఇట్ ఓవర్ కేర్‌ఫుల్లీ.' పంపే ముందు ఇట్ ఎక్కడుందో ఒకసారి చూసుకోండి.